గోదావరికి ఏ కయాక్, మంచు మీదికి ఏ స్లెడ్?

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది. హనుమకొండ నుంచి ముగ్గురు దోస్తులు కలిసి వానకాలం అయిపోయాక కాళేశ్వరం దగ్గర కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) దించి భద్రాచలం దాకా పోవాలి. ఆ తర్వాత జనవరిలో లడఖ్ వెళ్లి, గడ్డకట్టిన జన్స్కార్ నది మీద సామాను స్లెడ్‌లో (మంచు మీద లాగే చక్రాల్లేని బండి) వేసుకుని లాగాలి. ప్లాస్టిక్, ఫైబర్, కెవ్లార్, కార్బన్, గాలి పడవ... వీటిలో ఏది అన్నిటికంటే గట్టిది? పైసలు ఒక్కసారే పెట్టగలమని కూడా రాశావు. హైదరాబాద్‌లో ఎవరో పాత కెవ్లార్ కయాక్ సగం ధరకు ఇస్తానన్నాడని చివర్లో ఒక ముక్క ఉంది, దాని సంగతి ఆఖర్న చెప్తాను.

గట్టిది ఏదంటే జవాబు తేలికే. బరువుకు తగ్గ బలం చూస్తే కార్బన్. నీ ప్రయాణానికి అన్నిటికంటే పనికిరానిది కూడా అదే. ఏ మెటీరియల్ అయినా ఎప్పుడో ఒకప్పుడు అరుగుతుంది, పగులుతుంది, చిరుగుతుంది. అది ఏ తీరుగా పాడవుతుంది, పాడైన చోట నీ చేతిలో ఉన్న సామానుతో బాగవుతుందా లేదా అని చూసి కొనాలి. ఏటూరునాగారం అవతల ఇసుక మేట మీద పడవ బోర్లించుకుని కూర్చున్నప్పుడు కంపెనీ వాడి వారంటీ కాగితం అక్కరకు రాదు.

ముందు దారి సంగతి చూద్దాం. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిశాక గోదావరి పెద్దదవుతుంది. దిగువన మేడిగడ్డ బ్యారేజీ, తర్వాత ఇంద్రావతి కలయిక, ఆ కింద తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ, భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం ఆనకట్ట. ప్రతి కట్టడం దగ్గరా గేట్లకు చాలా దూరంలోనే ఒడ్డు ఎక్కి, పడవను మోసుకునో ఈడ్చుకునో అవతల దింపాలి. అక్కడ కాళ్ల కింద ఉండేది కాంక్రీటు, రాతి పేర్పు, అక్కడక్కడా బయటికి పొడుచుకొచ్చిన ఇనుప సలాకలు. నవంబరు, డిసెంబరుకు నీళ్లు తగ్గి మేటలు బయటపడతాయి. పడవ కింద నీళ్లు చాలక ఇసుక మీద గుంజాల్సిన చోట్లు బోలెడు వస్తాయి. అందరూ బండరాళ్ల గురించి భయపడతారు కానీ, ఈ దారిలో పడవను ఎక్కువగా తినేది ఇసుకే. గోదావరి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. గాజుకన్నా గట్టి రాయి అది. అమ్మేవాళ్లు సుత్తితో కొట్టి పడవ గట్టితనం చూపిస్తారు. నదిలో సుత్తి దెబ్బలు తక్కువ, గీతలే ఎక్కువ.

ఈ పనికి నా ఓటు మామూలు పాలిథిలిన్ కయాక్‌కే, అంటే జనం ప్లాస్టిక్ కయాక్ అనేదానికి. ప్లాస్టిక్ పొడిని అచ్చులో పోసి, వేడి ఓవెన్‌లో అచ్చును అన్ని వైపులా తిప్పుతూ కరిగిస్తారు, పొడి కరిగి అచ్చు గోడకు పట్టుకుంటుంది. మీ డాబా మీది నల్ల నీళ్ల ట్యాంకు పుట్టేది కూడా సరిగ్గా ఇలాగే. బండకు తగిలితే ఇది లోపలికి సొట్ట పడి మళ్లీ బయటికొస్తుంది, పగలడం అరుదు. ఇసుక మీద గుంజితే నూలుపోగుల్లా సన్నగా చీలి లేస్తుంది. బ్లేడుతో గీకేస్తే సరి. ఎక్కువ అరిగేది తోక కింద, ఎందుకంటే ముందు కొసను పట్టుకుని గుంజేటప్పుడు బరువంతా అక్కడే ఆనుతుంది. పాత పడవ కొనేటప్పుడు బోర్లించి తోక కింద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. పక్కల కన్నా మెత్తగా దిగిందంటే ఆ పడవ ఆయుష్షు సగం అయిపోయినట్టే.

ఇందులోనూ రెండు జాతులున్నాయి. ఒకటి లీనియర్, రెండోది క్రాస్‌లింక్డ్. క్రాస్‌లింక్డ్‌లో అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, కాబట్టి దెబ్బకు ఇంకాస్త బాగా ఓరుస్తుంది. కానీ ఆ ముడుల వల్లే అది మళ్లీ కరగదు. కరగనిదాన్ని వెల్డింగ్ చేయలేం. లీనియర్ కరుగుతుంది, కరిగేది అతుకుతుంది. అందుకే లీనియర్ తీసుకో. ఇంకో విషయం, పాలిథిలిన్‌కు మామూలు జిగురు ఏదీ పట్టదు. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పూస్తే ఎండాక గోటితో లేచి వస్తుంది. "ఎం-సీల్ పెడితే అయిపోతుంది" అని ఎవరన్నా అంటే తల ఊపి ఊరుకో.

వెల్డింగ్ ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్తాను, ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. వరంగల్‌లో నీళ్ల ట్యాంకులు, హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిలిన్) పైపులు అతికే వాళ్ల దగ్గర హాట్ ఎయిర్ గన్ ఉంటుంది. వాళ్ల పక్కన కూర్చుని ఒక పూట నేర్చుకో. పగులు రెండు కొసల్లో చిన్న గుండ్రటి బెజ్జం వెయ్యి, లేకపోతే అతికాక కూడా పగులు పాకుతూనే ఉంటుంది. తర్వాత పగులు పొడవునా వీ ఆకారంలో గాడి తియ్యి. పైపొర ఎండకు తెల్లబారి ఉంటుంది, దాన్ని పూర్తిగా గీకెయ్యాలి. అది ఉంటే అతుకు నిలవదు. ఇప్పుడు గాలి వేడి తగలనిస్తూ చూడు. మసకగా ఉన్న ప్లాస్టిక్ ఒక్కసారిగా తడిసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు గాడిలోనూ, అతికే కడ్డీ కొసలోనూ ఒకేసారి రావాలి, అప్పుడు నొక్కాలి. పొగ వచ్చిందంటే మాడింది, గీకి మళ్లీ మొదలుపెట్టు. కడ్డీ అదే రకం ప్లాస్టిక్ అయి ఉండాలి. కయాక్ కొన్నప్పుడే సీటు దగ్గరో హ్యాచ్ (సామాను అరకు మూత ఉండే చోటు) దగ్గరో కోసేసిన ముక్క దొరుకుతుందేమో అడిగి దాచుకో, దాన్నే సన్న పట్టీలుగా కోస్తే కడ్డీ తయారు. నది మీద గన్ ఉండదు కాబట్టి డాబా లీకులకు వేసే బ్యుటైల్ టేపు ఒక చుట్ట వెంట పెట్టుకో. పగులు చుట్టూ బాగా తుడిచి, ఎండలో ఆరనిచ్చి, వెచ్చగా ఉండగానే అంటించి స్పూను వెనక వైపుతో రుద్దితే భద్రాచలం దాకా నిలుస్తుంది.

ప్లాస్టిక్‌కు అసలు శత్రువు మన ఎండ. వరంగల్‌లో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. కారు మీద తాళ్లు బిగించి కట్టి ఎండలో వదిలేస్తే పట్టీ కింద సొట్ట పడి, అట్లాగే ఉండిపోతుంది. పాలిథిలిన్ వేడికి బాగా సాగుతుంది కూడా, అయిదు మీటర్ల పడవ 30 డిగ్రీల తేడాకు రెండు సెంటీమీటర్ల పైనే పెరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కట్టిన తాడు మధ్యాహ్నానికి కోసుకుపోయేంత బిగుస్తుంది. దారి మధ్యలో ఒకసారి ఆగి వదులు చెయ్యి. ఇంట్లో నీడన, పక్కకు ఒరిగించి పెట్టు. లేత రంగు పడవ చల్లగా ఉంటుంది. కానీ ఎండలోని అతినీల కిరణాలను బాగా ఆపేది నల్ల రంగు మసే, ట్యాంకులు నల్లగా ఉండేది అందుకే. నీడన పెట్టేవాడికి లేత రంగే మేలు.

ఫైబర్ సంగతి వేరు. గాజుపోగుల గుడ్డ, దాన్ని గట్టిపరిచే రెసిన్ అనే జిగురు, పైన జెల్‌కోట్ అనే నున్నటి పూత. నీళ్లలో జారిపోతుంది, ప్లాస్టిక్ కన్నా తేలిక, ఆకారం గట్టిగా నిలుస్తుంది. బండకు తగిలితే మాత్రం సాలెగూడులా పగుళ్లు వస్తాయి. పైన చిన్న చుక్క కనిపిస్తుంది, లోపల అరచేతంత పొర విడిపోయి ఉంటుంది. అది కంటికి కనపడదు, రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పో, ఠంగుమనే చప్పుడు దబ్బుమని మారిన చోట పొర లేచినట్టు. దీనికి ఉన్న పెద్ద లాభం, బాగుచేయడం ఎక్కడైనా కుదురుతుంది. గాజు గుడ్డ, ఎపాక్సీ ఉంటే చాలు. చోటు పొడిగా ఉండాలి, అంతే. మన వేడికి ఎపాక్సీ గిన్నెలో ఉండగానే గడ్డకడుతుంది, కాబట్టి కొంచెం కొంచెం కలిపి వెడల్పాటి మూతలో పలచగా పరుచుకుని వాడు. లోతు డబ్బాలో ఎక్కువ కలిపితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. అదే ఎపాక్సీ లడఖ్ చలిలో రోజంతా పెట్టినా అంటుకోదు. ఒకే మందు రెండు చోట్ల రెండు రకాలు, గుర్తుపెట్టుకో.

కెవ్లార్ అనే గట్టి పోగును 1965లో డూపాంట్ కంపెనీలో స్టెఫానీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టింది. గుద్దితే రెసిన్ పగిలినా పోగు తెగదు, అంటే పడవ రెండు ముక్కలు కాదు, ఆ ఒక్క గుణానికే దాన్ని మెచ్చుకోవాలి. అయితే అరుగుదలకు పనికిరాదు. పైపూత పోయి పోగు బయటపడితే దూదిలా రేగుతుంది. ఇసుక కాగితంతో రుద్దితే నున్నబడదు, ఇంకా రేగుతుంది. ఆ రేగిన పోగు నీళ్లు పీలుస్తుంది, ఎండకు బలం పోగొట్టుకుంటుంది. గోదావరి ఇసుకకు, దీనికి చుక్కెదురు. కార్బన్ గురించి ఒక్క మాట చాలు, వంగదు, హఠాత్తుగా విరుగుతుంది. పందేలకు మంచిది.

గాలి పడవ అయితే బస్సులో వేసుకుని పోవచ్చు, పోలీసు, ఫారెస్టు వాళ్లకు చూపించడానికి కూడా ఇబ్బంది ఉండదు. బండలకు భయం లేదు. భయం సర్కారు తుమ్మతో. మేటల అంచుల్లో ఎండు ముల్లు ఇసుకలో కనపడదు, చెప్పును దాటి కాలికే గుచ్చుకునేది పడవను వదులుతుందా? ఇంకోటి ఎండ. పొద్దున 25 డిగ్రీల దగ్గర 0.5 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టిన పడవను ఒడ్డు మీద వదిలి అన్నానికి పోతే, లోపలి గాలి 55కు వేడెక్కి ఒత్తిడి 0.65 దాకా పోతుంది. కుట్టు దగ్గర ఊడేది అప్పుడే. నీళ్లలో ఉన్నంతసేపు నది చల్లబరుస్తుంది, ఒడ్డెక్కగానే కాస్త గాలి వదిలెయ్యాలి. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ పూసిన నైలాన్ ప్యాక్‌రాఫ్ట్ (సంచిలో మడిచి మోసే చిన్న గాలి పడవ) అయితే ఇంకా తేలిక, మోసే చోట్లు ఎక్కువున్న దారికి నిజంగా బాగుంటుంది. కానీ గాలికి ఎదురు పోదు. బ్యారేజీల వెనక నిలిచిన నీళ్లలో ఎదురుగాలి వస్తే ఏడిపిస్తుంది.

మెత్తటి పడవ పనికిరాదని మాత్రం అనుకోకు. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ ఉల్మ్ నగరం దగ్గర డాన్యూబ్ నదిలో ఒక మడత కయాక్ దించాడు. కర్ర చట్రం మీద రబ్బరు పూసిన గుడ్డ, అంతే. మన దేశ తీరం వెంబడి కూడా తెడ్డు వేసుకుంటూ పోయి 1939లో ఆస్ట్రేలియా ఉత్తర అంచున ఉన్న సైబాయ్ దీవి చేరాడు. అప్పటికి యుద్ధం మొదలై ఉండటంతో శత్రుదేశస్థుడని అక్కడే పట్టుకున్నారు. దారిలో పడవలు మార్చుకున్నాడు, చిరిగినవి కుట్టుకున్నాడు, అతికించుకున్నాడు. మన చేపలు పట్టేవాళ్లు వెదురు పుట్టికి ఏటా డాంబర్ పూసుకునేది కూడా ఈ లెక్కనే. వాళ్లు ఎన్నేళ్లు మన్నుతుందని అడగరు, డాంబర్ ఎంతకు దొరుకుతుందని అడుగుతారు.

ఇప్పుడు స్లెడ్. చలిలో ప్లాస్టిక్ పెళుసవుతుందని నీ భయం. అది ఏ ప్లాస్టిక్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు పీవీసీ పైపు గడ్డకట్టే చలిలో దెబ్బకు పగులుతుంది. పాలిథిలిన్ గాజులా పెళుసుగా మారే ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 100 డిగ్రీలకు కూడా అవతల ఉంది, జన్స్కార్ రాత్రి చలి దాన్నేమీ చేయలేదు. నమ్మకం కుదరకపోతే హనుమకొండలోనే చూసుకో. తెలిసిన ఐస్‌క్రీమ్ షాపులో డీప్ ఫ్రీజర్ సున్నాకు దిగువన 18, 20 డిగ్రీల్లో ఉంటుంది. ఒక పీవీసీ పైపు ముక్క, ఒక నీలి డ్రమ్ము ముక్క రాత్రంతా అందులో పెట్టి, పొద్దున తీసిన వెంటనే సుత్తితో కొట్టు. నీలి డ్రమ్ము హెచ్‌డీపీఈ. నేను వేరే చెప్పక్కర్లేదు.

ప్లాస్టిక్ స్లెడ్ పగిలేది మధ్యలో కాదు, తాడు కట్టిన బెజ్జం దగ్గర. డ్రిల్లు వేసిన అంచు గరుకుగా ఉంటే అక్కడి నుంచి వెంట్రుక లాంటి పగులు మొదలై, రాయి దాటేటప్పుడు పడే ఒక్క గుంజుకు అంచు దాకా చీరేస్తుంది. బెజ్జం అంచును చాకుతో నున్నగా చెక్కు, రెండు వైపులా పెద్ద వాషర్లు వెయ్యి. ఇంకా మంచిది, ఒక్క బెజ్జానికి కట్టకుండా స్లెడ్ చుట్టూ తాడు తిప్పి ఆ తాడునే లాగు. అప్పుడు గుంజు అంతటా పంచుకుంటుంది.

ఇక జారుడు. స్కీల అడుగున ఉండేది కూడా పాలిథిలినే. మంచు మీద వస్తువు జారేది రాపిడి వేడికి ఏర్పడే పలచని నీటిపొర వల్ల. సున్నాకు 30, 40 డిగ్రీలు దిగితే ఆ పొర సరిగ్గా ఏర్పడదు, స్లెడ్ ఇసుకలో గుంజినట్టే ఉంటుంది. ధ్రువ యాత్రల వాళ్ల రాతల్లో ఈ గోడు పదే పదే కనిపిస్తుంది. చాదర్ మీద, అంటే గడ్డకట్టిన జన్స్కార్ ఐసు దారి మీద, నీ సమస్య అది కాదు. అక్కడ ఐసు మీదికి నీళ్లు పొంగి స్లెడ్ అడుగున గడ్డకడతాయి, లాగే బరువు పెరుగుతుంది. నున్నటి ప్లాస్టిక్ అయితే కర్రతో నాలుగు తట్లు తడితే రాలిపోతుంది. గరుకు కర్ర అడుగయితే పట్టుకుని వదలదు.

కర్రను తక్కువ చేయడం లేదు. 1888లో నార్వే యాత్రికుడు నాన్సెన్ గ్రీన్‌లాండ్ మంచును స్కీల మీద దాటినప్పుడు లాగినవి యాష్ కర్ర స్లెడ్‌లే. ఆ తరహా స్లెడ్‌లలో కీళ్ల దగ్గర మేకులకు బదులు తోలు పట్టీలతో, తాళ్లతో కడతారు. మేకు కొడితే కీలు బిర్రుగా ఉండి గతుకుల్లో చీలుతుంది. కట్టుతో ఉంటే ఒళ్లంతా అటూ ఇటూ మెలికపడి మళ్లీ సర్దుకుంటుంది, విరిగినా కర్రముక్క ఆనించి కట్టుకోవచ్చు. మన నిజామాబాద్ జిల్లా పాకాల (పాకాల చెరువు కాదు, ఊరు) బిడ్డ మాలావత్ పూర్ణ ఎక్కిన అలాస్కాలోని దెనాలి, అంటార్కిటికాలోని విన్సన్ కొండల మీద సామాను స్లెడ్‌ల మీద లాగడం మామూలు పద్ధతి. దెనాలిలో ఎక్కువమంది వాడేది కొండ దగ్గర దింపే విమానం వాళ్లు ఇచ్చే చవక ప్లాస్టిక్ స్లెడ్‌లే. వారాలకొద్దీ వంద కిలోల దాకా లాగి, గాలికి గట్టిపడ్డ మంచు గట్ల మీంచి రోజంతా కింద పడేసే ధ్రువ యాత్రకు మాత్రం ఫైబర్, కెవ్లార్ స్లెడ్‌లు కావాలి. మెత్తటి ప్లాస్టిక్ ఆ బరువుకు వంగి నేలను ఎక్కువ రాసుకుంటుంది. నీకు ఆ అవసరం లేదు. దళసరి హెచ్‌డీపీఈ స్లెడ్, మీటరున్నర పొడవు, చాలు.

ఇంతసేపు మెటీరియల్ గురించి చెప్పాను కానీ యాత్రలు ఆగిపోయేది చాలాసార్లు చిల్లర సామాను వల్ల. కయాక్‌లో కాళ్లు ఆనించే పెడల్ పట్టా, చుక్కాని తీగ, ఎండకు చిట్లిన హ్యాచ్ రబ్బరు మూత. స్లెడ్‌కు నడుము పట్టీ బకిల్, లాగే కర్రల కీలు. చలిలో ప్లాస్టిక్ బకిల్ గ్లవ్స్ వేళ్లతో నొక్కితే టక్కున విరిగిన సంగతి లడఖ్ వెళ్లొచ్చిన వాడు ఎవడైనా చెప్తాడు. బకిళ్లు రెండు ఎక్కువ, చుక్కాని తీగ ఒకటి, నైలాన్ తాడు, సన్న ఇనుప తీగ, మందపాటి సూది, నట్లు బోల్టులు ఒక డబ్బాలో వేసుకో. హ్యాచ్ మూత పోతే నదిలో పడవ నిండుతుంది, దాని బదులు దళసరి పాలిథిన్ కవరు, సైకిల్ ట్యూబు పట్టీ పెట్టుకుంటే బిగించి కట్టొచ్చు.

అనుమతుల సంగతి కలెక్టరాఫీసులో, ఫారెస్టు వాళ్ల దగ్గర ముందే తేల్చుకో. ఎడమ ఒడ్డు మేడిగడ్డ దాటాక కూడా చాలా దూరం మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లది. ఎగువన గేట్లు ఎప్పుడు ఎత్తుతారో రోజూ కనుక్కో. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, అలాంటి నీళ్లు వచ్చినప్పుడు ఏ మెటీరియలైనా ఒకటే.

ఆ హైదరాబాద్ కెవ్లార్ కయాక్ చూడటానికి పోతే టార్చిలైటు తీసుకుపో. హ్యాచ్ తీసి లోపల వెలుతురు వేసి, అడుగు భాగంలో ముదురు గోధుమ రంగుకు తిరిగిన మచ్చలు, తెల్ల గీతలు ఉన్నాయేమో చూడు. రూపాయి బిళ్లతో కొస నుంచి కొస దాకా తట్టు. సీటు కింద రెండు పక్కలా చెయ్యి పెట్టి నొక్కు, కిర్రుమంటే వదిలెయ్. అన్నీ బాగుంటే, ధర నచ్చితే పాకాల, లక్నవరం చెరువుల్లో ఆదివారాలు తిప్పుకోవడానికి తీసుకో, నిలిచిన నీళ్లలో దాని పరుగు వేరే. గోదావరికి మాత్రం దాన్ని దించకు. లీనియర్ ప్లాస్టిక్‌ది ఇంకొకటి వెతుకు. దొరికాక తోక కింద ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.